ఊరి సొమ్ము ఊళ్లోనే

ఒక్కొక్కరుగా ఎవరికీ అందని మిల్లు, మార్కెట్టు, చౌక అప్పు పదిమంది కలిస్తే అందుతాయి. సొంత డబ్బు, సొంత లెక్క, సొంత ఎన్నిక ఉన్నచోట సహకార సంఘాలు బతుకుదెరువును ఎలా నిలబెట్టాయి? అవి కరువైనచోట ఎందుకు కూలిపోయాయి?

ఎల్కతుర్తి నుంచి హుస్నాబాద్ వెళ్లే దారిలో ముల్కనూరు వస్తుంది. ఇప్పుడు హనుమకొండ జిల్లా, జిల్లాల విభజనకు ముందు కరీంనగర్ జిల్లా. ఏళ్ల తరబడి బావి నీళ్లనే నమ్ముకుని సేద్యం చేసిన మెట్ట ప్రాంతం. ఆ ఊళ్లో ఇవాళ వడ్ల మిల్లుంది. పత్తి జిన్నింగ్ మిల్లుంది. విత్తనాలు శుద్ధి చేసే యూనిట్ ఉంది. పాలు ప్యాకెట్లలో నింపి పట్టణాలకు పంపే డెయిరీ ఉంది. ఇవి ఎవరివని అడిగితే ఏ షావుకారు పేరో, ఏ కంపెనీ పేరో వినబడదు. చుట్టుపక్కల ఊళ్ల రైతులూ ఆడవాళ్లూనే వీటికి యజమానులు. వాటా పత్రాల మీద వాళ్ల పేర్లున్నాయి. ఏటా జరిగే సర్వసభ్య సమావేశంలో లేచి నిలబడి లెక్క అడిగే హక్కు వాళ్లకుంది.

మన దగ్గర ఉపాధి మాట ఎత్తితే చర్చంతా పెద్ద పరిశ్రమల చుట్టే తిరుగుతుంది. ఎన్ని వందల ఎకరాలిచ్చారు, ఎన్ని వేల కోట్లు వస్తాయంటున్నారు, ఎన్ని ఉద్యోగాలంటున్నారు. ఆ మాటల్లో సహకార సంఘానికి చోటుండదు. ఊళ్లో సొసైటీ అంటే చాలామందికి గుర్తొచ్చేది యూరియా కోసం చెప్పులు వరసలో పెట్టే ఆవరణ, రుణమాఫీ జాబితా అంటించే గోడ. ఇంతేనా సొసైటీ అంటే? అదే చట్రంలో, అదే నేల మీద, వేలమందికి ఏళ్లకేళ్లు పని నిలబెట్టిన సంఘాలు మన మధ్యే ఉన్నాయి. అవి ఎలా నడిచాయో తెలుసుకోకుండా చిన్న వ్యాపారానికి ఊతం ఇస్తామనడం గాలిలో మేడ కట్టడమేనని నా నమ్మకం.

373 మందితో మొదలు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన 1956లోనే అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి పూనికతో 14 ఊళ్ల రైతులు 373 మంది కలిసి ముల్కనూరు సహకార గ్రామీణ బ్యాంకును పెట్టుకున్నారు. అప్పటికి పల్లెల్లో అప్పు పుట్టాలంటే వడ్డీ వ్యాపారి గడప తొక్కాల్సిందే. విత్తనానికి నాగు (గింజల అప్పు) తెచ్చుకుంటే కల్లంలోనే ఒకటికి ఒకటిన్నర కొలిచి ఇవ్వాలి. అప్పిచ్చినవాడే పంట కొనేవాడు కూడా కావడంతో ధర ఎంతని అడిగే నోరు రైతుకు ఉండేది కాదు.

సంఘం చేసిన తెలివైన పని ఒకటుంది. అప్పు, ఎరువు, పంట అమ్మకం, ఈ మూడింటినీ ఒకే పాస్‌బుక్కులోకి తెచ్చింది. సభ్యుడికి కొంత నగదు, కొంత ఎరువుల రూపంలో అప్పు. పంట వచ్చాక సంఘమే కొంటుంది, బాకీ మినహాయించుకుని మిగతాది ఖాతాలో వేస్తుంది. వడ్లను మర ఆడించి బియ్యంగా, పత్తిని దూదిగా, విత్తనాన్ని శుద్ధి చేసి అమ్మితే వచ్చే అదనపు లాభం సంఘానిదే, అంటే సభ్యులదే. ఏడాది చివర మిగులు తేలితే ఎవరు సంఘంతో ఎంత కొనుగోలు, ఎంత అమ్మకం చేశారో ఆ లెక్కన బోనస్ పంచుతారు. వాటా డబ్బు ఎక్కువ పెట్టినవాడికి ఎక్కువ లాభం అనే కంపెనీ లెక్క ఇక్కడ చెల్లదు. సంఘాన్ని ఎక్కువ వాడుకున్నవాడికే ఎక్కువ వాటా. ఓటు మాత్రం అందరికీ ఒక్కటే. రెండెకరాల వాడికైనా ఇరవై ఎకరాల వాడికైనా ఒక్కటే చెయ్యి లేస్తుంది.

ఈ ఏర్పాటులో ఉద్యోగాలు ఎక్కడ పుట్టాయో గమనించాలి. వడ్లు వడ్లుగానే లారీ ఎక్కి వేరే జిల్లా మిల్లుకు పోతే ఊరికి మిగిలేది హమాలీ కూలి మాత్రమే. అదే మిల్లు ఊళ్లో ఉంటే మర దగ్గర ఆపరేటరు, గోదాము గుమాస్తా, తూకం వేసేవాడు, లెక్కలు రాసేవాడు, ట్రాక్టరు తోలేవాడు, మోటారు బాగుచేసే మెకానిక్కు, వీళ్లందరికీ చాయ్ పోసే హోటలు. సంఘం జీతమిచ్చే మనుషులు కొందరే. ఆ సంఘం ఉండబట్టి నడిచే చిన్న చిన్న పనులు దానికి ఎన్నో రెట్లు. ఇంకోమాట కూడా చెప్పాలి: సంఘం తన ఉద్యోగులను తానే నియమించుకుంటుంది, తన జీతాలు తానే ఇచ్చుకుంటుంది. గుమాస్తా ఎవరికి జవాబుదారీ అన్న ప్రశ్న అక్కడ రాదు. ఎదురుగా నిలబడ్డ రైతుకే.

నెలకు పది రూపాయలు

రెండో కథ ఆడవాళ్లది. హైదరాబాద్ కేంద్రంగా 1975 నుంచి పనిచేస్తున్న సహకార వికాస సంస్థ, ఇప్పుడు సహవికాసగా చాలామందికి తెలుసు, 1990 ప్రాంతంలో వరంగల్, కరీంనగర్ జిల్లాల పల్లెల్లో మహిళా పొదుపు సంఘాలకు తోడుగా నిలిచింది. పద్ధతి చాలా సులువు. నెలకు పదో ఇరవయ్యో ప్రతి సభ్యురాలూ కట్టాలి. ఆ పోగైన డబ్బులోంచే సభ్యులకు అప్పు. బయటి నుంచి గ్రాంటు లేదు, సబ్సిడీ లేదు. వడ్డీ కూడా సంఘంలోకే వస్తుంది కాబట్టి ఏడాది చివర దాన్ని పొదుపు మీద బోనస్‌గా ఎవరి ఖాతాలో వాళ్లకు జమ చేస్తారు. సభ్యురాలు కాలం చేస్తే ఆమె అప్పు పిల్లల నెత్తిన పడకుండా అభయనిధి తీరుస్తుంది.

నెలకు పది రూపాయలతో ఏమవుతుందని తేలిగ్గా తీసేయకండి. ఒక లెక్క వేద్దాం. బజారులో ఇడ్లీ బండి పెట్టుకున్న ఆమె పప్పు, బియ్యం, గ్యాసుకు డబ్బు కావాలని రోజువారీ ఫైనాన్సు దగ్గరికి వెళ్తుంది. పదివేలు రాసుకుని, వెయ్యి ముందే పట్టుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. చూడటానికి వెయ్యి రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ మొదటిరోజు నుంచే అసలు తిరిగి కడుతూ వస్తోంది కనుక, సగటున ఆమె చేతిలో ఉన్నది నాలుగున్నర వేలే. ఏడాది లెక్కన చూస్తే వడ్డీ డెబ్బై అయిదు శాతం దాటిపోతుంది. అదే డబ్బు పొదుపు సంఘంలో నూటికి రూపాయి వడ్డీకి తీసుకుని అదే వంద రోజుల్లో తీర్చేస్తే వడ్డీ నూట యాభై రూపాయల చుట్టుపక్కల తేలుతుంది. తేడా ఎనిమిది వందల యాభై. ఏడాదికి మూడుసార్లు అప్పు తిప్పే మనిషికి అది రెండున్నర వేలు. ఆ డబ్బుతో రెండో ఇడ్లీ పాత్ర వస్తుంది, సాయం చేయడానికి ఒక మనిషిని పెట్టుకోవచ్చు. చిన్న వ్యాపారం పెరగడమంటే ఇదే. దీనికోసం పెద్ద పథకాల పేర్లు అక్కర్లేదు, ఊరి నుంచి బయటికి కారిపోతున్న వడ్డీని ఆపితే చాలు.

ఆ వడ్డీ ఎంత మందిని ముంచిందో తెలుగువాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. 2010లో సూక్ష్మరుణ కంపెనీల వసూళ్ల ఒత్తిడి ఇళ్లలో చావుల దాకా వెళ్లినప్పుడు అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. మరుసటి ఏడాది, 2011లో, పొదుపు సంఘాల మండల సమాఖ్యలే వాటాదారులుగా, ప్రభుత్వం కూడా చెయ్యి కలిపి స్త్రీనిధి పరపతి సహకార సమాఖ్య ఏర్పడింది. పల్లెలో అప్పు అడిగిన ఆడమనిషికి రెండురోజుల్లో డబ్బు ఖాతాలో పడాలన్నది దాని సంకల్పం. కంపెనీ ఏజెంటుకు బదులు సమాఖ్య సభ్యురాలే వాయిదా గుర్తుచేసే ఏర్పాటు. ఎంతైనా ఇది సర్కారు నీడలో పెరిగిన చెట్టే. అందుకే నాకు పూర్తిగా తమ పొదుపు మీదే నిలబడ్డ సంఘాలంటే ఎక్కువ గౌరవం.

పాల కేంద్రం దగ్గర

ఆ పొదుపు సంఘాల ఆడవాళ్లే 2000 సంవత్సరంలో ముల్కనూరు మహిళా డెయిరీ పెట్టారు. అప్పటికి పదేళ్లుగా వాళ్లు పుస్తకాలు రాయడం, తీర్మానాలు చేయడం, బాకీదారుల పేర్లు సభలో చదవడం అలవాటు చేసుకుని ఉన్నారు. డెయిరీ నడపడానికి కావాల్సిన చదువు వాళ్లకు అక్కడే అబ్బింది. పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద నమోదైన ఈ యూనియన్‌లో సభ్యులంతా ఆడవాళ్లే, ఇవాళ ఇరవై వేలకు పైగా ఉన్నారు. పాల ప్యాకెట్ మీద పేరు స్వకృషి.

తెల్లారకముందే ఊరి పాల కేంద్రం తెరుచుకుంటుంది. స్టీలు డబ్బాలు, ప్లాస్టిక్ క్యాన్లు పట్టుకుని వరసలో వస్తారు. ముందు కొలత. తర్వాత ప్రతి సభ్యురాలి పాలల్లోంచి కొద్దిగా తీసి వెన్న శాతం చూస్తారు, లాక్టోమీటరుతో చిక్కదనం చూస్తారు. ఆ అంకె ఆమె ఎదుటే పుస్తకంలో ఎక్కుతుంది. "ఇయ్యాల వెన్న తగ్గిందేందక్కా, బర్రెకు తవుడు పెడ్తలేవా?" అని లెక్కరాసే ఆమె అడిగితే, "దూడ తాగింది చెల్లే" అన్న జవాబూ అందరి ముందే. దొంగ కొలతకు చోటు లేనంత బాహాటంగా జరిగే పని ఇది. పదిహేను రోజులకోసారి బిల్లు. దాణా కొన్నా, పశువైద్యం చేయించుకున్నా అదే ఖాతాలో మినహాయింపు. ఏడాదిలో ఎన్ని లీటర్లు పోసిందో ఆ లెక్కన మళ్లీ బోనస్.

పాడి లెక్క తెలిసినవాళ్లకు ఈ పక్షం బిల్లు విలువ ఏమిటో తెలుసు. పత్తి డబ్బు ఏడాదికోసారి వస్తుంది, వడ్ల డబ్బు రెండుసార్లు. అవి వచ్చేలోపు కిరాణా కొట్టులో ఖాతా, బడి ఫీజు, బస్సు చార్జీ అన్నీ అప్పే. నెలకు రెండుసార్లు, అదీ ఇంటి ఆడమనిషి పేరు మీద, ఖచ్చితంగా చేతికొచ్చే డబ్బు ఇంటి నడకనే మార్చేస్తుంది. ఊళ్లో కిరాణా కొట్టువాడు అరువు పుస్తకం సన్నబడిందని సంతోషిస్తాడు. దర్జీకి పని పెరుగుతుంది. పాల కేంద్రం కార్యదర్శి, క్యాన్ల బండి డ్రైవరు, శీతలీకరణ కేంద్రంలో కుర్రాడు, పట్టణంలో ప్యాకెట్లు అమ్మే ఏజెంటు, వీళ్లంతా జీతం లెక్కల్లో కనిపించేవాళ్లు. రెండో బర్రెను కొన్న ఆమె, దానికి గడ్డి కోసే ఆమె ఏ లెక్కల్లోనూ కనిపించరు.

ఈ తేడా ప్రపంచమంతా ఉంది. పారిశ్రామిక, సేవా సహకార సంఘాల అంతర్జాతీయ సమాఖ్య సికోపా 2017లో ఇచ్చిన నివేదిక ప్రకారం సహకార రంగం వల్ల ఉపాధి పొందుతున్నవాళ్లు దాదాపు 27 కోట్ల 94 లక్షల మంది, ప్రపంచంలో పనిచేసేవాళ్లలో పదోవంతుకు కాస్త తక్కువ. అందులో సంఘాల్లో నేరుగా పనిచేస్తున్నవాళ్లు 2 కోట్ల 72 లక్షలే. మిగతా 25 కోట్ల పైచిలుకు మంది తమ పొలంలో, తమ కొట్టంలో, తమ మగ్గం మీద పనిచేసుకుంటూ సంఘం ద్వారా కొనుగోలూ అమ్మకాలూ చేసుకునే ఉత్పత్తిదారులు. సహకార సంఘం ఎన్ని ఉద్యోగాలిచ్చిందని అడిగితే జవాబు ఎప్పుడూ చిన్నగానే ఉంటుంది. దానివల్ల ఎంతమంది తమ పని వదిలి వలస పోకుండా ఆగారని అడగాలి.

ఎవరి సంఘం?

1995కు ముందు మన ఉమ్మడి రాష్ట్రంలో సహకార సంఘమంటే 1964 చట్టం. ఆ చట్టం కింద ప్రభుత్వం వాటా పెట్టవచ్చు, పాలకవర్గాన్ని రద్దు చేయవచ్చు, అధికారిని కూర్చోబెట్టవచ్చు, ఎన్నికలు వాయిదా వేయవచ్చు. సంఘం పేరు సభ్యులది, తాళం చెవి రిజిస్ట్రారుది. 1987లో సింగిల్ విండో పద్ధతి వచ్చి ప్రాథమిక సంఘాలను పెద్దవి చేసింది, అప్పు, ఎరువు ఒకేచోట అందేలా చేసింది. నేటికీ పల్లెలో సొసైటీని సింగిల్ విండో అనే పిలుస్తారు. అయినా తాళం చెవి చేతులు మారలేదు.

ఆ తాళం చెవిని సభ్యులకు అప్పగిస్తూ 1995లో ఎన్.టి.రామారావు ప్రభుత్వ కాలంలో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం దేశంలోనే మొదటిదైంది. ఈ చట్టంలో ప్రభుత్వ వాటా ఉండదు, సంఘం తన ఎన్నిక తానే పెట్టుకుంటుంది. వేళకు సర్వసభ్య సమావేశం జరపకపోయినా, ఆడిట్ లెక్కలు సభ ముందు పెట్టకపోయినా డైరెక్టర్ల పదవికే ఎసరు. మిగులు వచ్చినా లోటు వచ్చినా భరించాల్సింది సభ్యులే. తర్వాత చాలా రాష్ట్రాలు ఇదే దారి పట్టాయి.

ఈ స్వేచ్ఛ ప్రభుత్వాలకు మింగుడు పడలేదు. 2006లో చట్టం సవరించి పాల సంఘాలను మొదటి నుంచీ 1964 చట్టం కిందే ఉన్నట్టు లెక్కగట్టి మళ్లీ తమ గుప్పిట్లోకి తెచ్చుకోబోయింది అప్పటి ప్రభుత్వం. సంఘాలు కోర్టుకెక్కాయి. 2007లో హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది, 2011లో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. మనుషులు ఇష్టపూర్వకంగా కట్టుకున్న సంఘం రూపాన్ని వాళ్ల ఇష్టం లేకుండా మార్చడం, సంఘంగా ఏర్పడే ప్రాథమిక హక్కును దెబ్బతీయడమేనన్నది దాని సారం. ఆ తర్వాత 97వ రాజ్యాంగ సవరణతో సహకార సంఘాలు ఏర్పరచుకోవడం 19వ అధికరణలో పేరుపెట్టి చేరింది. పాలు పోసే రైతులు గెలిచిన ఈ కేసు గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఉండాల్సింది.

1995 చట్టానికి చీకటి కోణం కూడా ఉంది, దాన్ని దాచకూడదు. నిఘా తక్కువని కనిపెట్టిన కొందరు అదే చట్టం కింద సంఘాలు నమోదు చేసి, ఎక్కువ వడ్డీ ఆశచూపి డిపాజిట్లు వసూలు చేసి బోర్డు తిప్పేశారు. రిటైర్మెంటు డబ్బు పోగొట్టుకున్నవాళ్లు, కూతురి పెళ్లికని దాచుకున్నది పోగొట్టుకున్నవాళ్లు పోలీసు స్టేషన్ల చుట్టూ తిరిగారు. నిజమైన సంఘాన్ని గుర్తుపట్టడానికి ఒక్క ప్రశ్న చాలు: డబ్బు కట్టినవాళ్లు అక్కడ ఓటున్న సభ్యులా, ఊరికే డిపాజిటుదారులా? బయటివాళ్ల డబ్బు తెచ్చి లోపలివాళ్లకు పంచే చోట సహకారం లేదు. కొన్ని జిల్లాల పాల యూనియన్లు కూడా తర్వాత ప్రొడ్యూసర్ కంపెనీలుగా మారాయి. అవి ఎవరి చేతుల్లో ఉన్నాయన్నది పాలు పోసే రైతే అడగాల్సిన ప్రశ్న.

మగ్గం గుంతలో

ముల్కనూరు ఒక్కటే చెప్పి ఊరుకుంటే కథ సగమే. చేనేత దగ్గరికి వస్తే మనసు బరువెక్కుతుంది. ఒకప్పుడు మన చేనేత సంఘాలు దేశానికే చూపించదగ్గవి. ప్రగడ కోటయ్య లాంటి నాయకులు జీవితమంతా నేతన్నల సహకారం కోసమే పోరాడారు. పోచంపల్లి సంఘం 1955 నాటిది. అక్కడి చిటికి (ఇక్కత్) చీరలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఒక చీర తయారవడం చూస్తే ఎంతమంది చేతులు పడతాయో అర్థమవుతుంది. నూలు తేవాలి. ఆసు పోయాలి, రోజంతా అదే చేయి అటూ ఇటూ ఆడించే పని, ఇంట్లో ఆడవాళ్లే చేస్తారు. డిజైను ప్రకారం దారాలకు చిటికి కట్టి రంగులో ముంచాలి, విప్పి మళ్లీ కట్టి ఇంకో రంగులో ముంచాలి. పడుగు ఎక్కించాలి, కండెలు చుట్టాలి. అప్పుడుగానీ గుంత మగ్గంలో కూర్చున్న నేతన్న కాలు కదలదు. ఒక మగ్గం ఆడితే ఒక ఇల్లు మొత్తం, పక్కింట్లో ఇంకొకరిద్దరు పనిలో ఉన్నట్టే.

సంఘంలో ఉన్న నేతన్నకు సంఘమే నూలు ఇస్తుంది, గుడ్డ తీసుకుని మజూరి ఇస్తుంది. ప్రైవేటుగా పని ఇచ్చే మాస్టర్ వీవరు కూడా ఇదే చేస్తాడు. తేడా అంతా లాభం దగ్గర, కష్టం వచ్చినరోజు దగ్గర. సంఘం దగ్గర బోనస్ ఉంటుంది, పొదుపు నిధి ఉంటుంది. తెలంగాణలో నేతన్న మజూరిలోంచి ఎనిమిది శాతం కడితే ప్రభుత్వం పదహారు శాతం కలిపే పథకం నడిచింది. మాస్టర్ వీవరు దగ్గర అడ్వాన్సు ఉంటుంది, అది తీరేదాకా మగ్గం అతనిదే.

మరి సంఘాల్లోంచి నేతన్నలు ఎందుకు జారిపోయారు? సంఘం నేసిన గుడ్డను కొనేది ఆంధ్రప్రదేశ్‌లో చేనేత సహకార సంస్థ ఆప్కో, తెలంగాణలో టెస్కో. అక్కడ కొనుగోలు ఆలస్యమై, బిల్లు ఇంకా ఆలస్యమైతే సంఘం గోదాములో గుడ్డ పేరుకుపోతుంది. నూలు కొనడానికి డబ్బుండదు. రెండువారాలు మగ్గం ఆగితే ఇంట్లో పొయ్యి ఆగుతుంది. అప్పుడు ఏ మనిషైనా అడ్వాన్సు ఇచ్చేవాడి గడప ఎక్కుతాడు. ఒక్క కొనుగోలుదారు మీద, అదీ సర్కారు కొనుగోలుదారు మీద బతికే సంఘానికి ఇదే ముప్పు. సిరిసిల్ల మరమగ్గాల సంఘాలకు 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చినప్పుడు ఊరంతా పనిలో మునిగింది. ఆర్డరు మీదే బతికే ఊరికి ఆర్డరు ఆగిన ఏడాది ఎలా గడుస్తుందో అక్కడి కార్మికులే తర్వాత చూశారు. బజారును సొంతంగా వెతుక్కున్న సంఘం నెమ్మదిగా పెరుగుతుంది, అయితే ఒక్క జీవోతో కూలిపోదు.

ఉత్తరాంధ్ర చెరకు రైతుల అనుభవం ఇంకా చేదు. ఏటికొప్పాకలో 1933లోనే రైతులు సహకార చక్కెర కర్మాగారం పెట్టుకున్నారు. అంత పాత చరిత్ర ఉన్న ఆ ప్రాంతంలో కర్మాగారాలు ఒక్కొక్కటే అప్పుల్లో కూరుకుపోయి గానుగ ఆపేశాయి. చెరకు బకాయిలు, కార్మికుల జీతాల బకాయిలు, ఎన్నికలప్పుడు తెరిపిస్తామన్న హామీలు. గానుగ ఆగినచోట రైతు చెరకు మానేసి సరుగుడు వేసుకుంటాడు. ఆ తర్వాత కర్మాగారం తెరిచినా చెరకు రాదు.

కూలీలే యజమానులైతే

కేరళలో వడకర దగ్గర 1925లో సంఘ సంస్కర్త వాగ్భటానందుడి స్ఫూర్తితో కొందరు కూలీలు కలిసి పెట్టుకున్న సంఘం ఊరాలుంగల్ లేబర్ కాంట్రాక్ట్ సొసైటీ. కులకట్టుబాట్లను ధిక్కరించినందుకు పని దొరకనివాళ్లు తమ పని తామే పుట్టించుకున్నారు. వందేళ్లు దాటిన ఆ సంఘం ఇవాళ రోడ్లు, వంతెనలు కడుతోంది, కోజికోడ్‌లో ఐటీ పార్కు నడుపుతోంది, వేలమంది కార్మికులకు పని ఇస్తోంది. కాంట్రాక్టరు జేబులోకి పోయే లాభం అక్కడ కార్మికుల సంక్షేమానికి, కొత్త యంత్రాలకు పోతుంది. మన రెండు రాష్ట్రాల్లోనూ లేబర్ కాంట్రాక్ట్ సొసైటీలున్నాయి. వాటిలో ఎన్నింటిలో పేరు కూలీలది, బిల్లు కాంట్రాక్టరుది అన్నది పంచాయతీరాజ్ ఇంజినీర్లకు బాగా తెలుసు. మనవాళ్లకు చేతకాక కాదు. ముల్కనూరు ఆడవాళ్లకు చేతనైంది తాపీమేస్త్రీలకు, ఎలక్ట్రీషియన్లకు, ఆటో డ్రైవర్లకు ఎందుకు చేతకాదు?

కొత్త సంఘాల కాలం

2021లో కేంద్రం సహకార శాఖను విడిగా పెట్టింది. 63 వేల ప్రాథమిక సంఘాల కంప్యూటరీకరణ 2022లో మొదలైంది. అయిదేళ్లలో రెండు లక్షల కొత్త సంఘాలు పెట్టాలన్న నిర్ణయం 2023లో వచ్చింది. సొసైటీ పెట్రోలు బంకు పెట్టుకోవచ్చు, జనౌషధి మందుల షాపు పెట్టుకోవచ్చు, గోదాము కట్టుకోవచ్చు. 2025ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ సహకార సంవత్సరంగా ప్రకటించింది, అదే ఏడాది జూలైలో కొత్త జాతీయ సహకార విధానం వెలువడింది. కంప్యూటరు వస్తే లెక్క దాచడం కష్టమవుతుంది, సంతోషమే. పెట్రోలు బంకు వస్తే నలుగురు కుర్రాళ్లకు పని దొరుకుతుంది, అదీ సంతోషమే. రెండు లక్షల అంకె మాత్రం నన్ను భయపెడుతుంది. లక్ష్యం కోసం అధికారి రాసిన సభ్యుల జాబితాతో పుట్టే సంఘంలో సభ్యుడికి తన వాటా ఎంతో కూడా తెలియదు. ఆ సంఘం తెచ్చిన అప్పు తీర్చాలన్న పట్టింపు ఎవరికుంటుంది?

పదిమంది చిన్న వ్యాపారులో, కులవృత్తివాళ్లో, చదువుకున్న నిరుద్యోగులో కలిసి సంఘం పెట్టుకోవాలనుకుంటే చట్టం అడ్డం రాదు. వేర్వేరు కుటుంబాలకు చెందిన కనీసం పదిమంది ఉంటే 1995 చట్టం కింద నమోదు చేసుకోవచ్చు. అడ్డం వచ్చేవి వేరే ఉన్నాయి. పొదుపు కట్టకముందే సబ్సిడీ ఎంతని అడగడం ఒకటి. బాకీ పడ్డ అధ్యక్షుడిని బాకీ పడ్డావని అనలేని మొహమాటం ఇంకొకటి. మొదటిది వదిలించుకోవడానికి ఏడాది రెండేళ్లు సొంత పొదుపు మీదే నడవాలి. రెండోదానికి మందు ఉపనియమాల్లోనే రాసుకోవాలి: వాయిదా తప్పినవాళ్లకు ఓటు లేదు, పోటీ లేదు, బాకీల జాబితా సర్వసభ్య సమావేశంలో పైకి చదవాలి. చిన్న ఊళ్లో అందరూ బావా, మామా అని పిలుచుకునేచోట ఈ చదువు ఎంత కష్టమో నాకు తెలుసు. మొదటి ఏడాదే చదవడం మొదలుపెడితే రెండో ఏడాదికి అలవాటవుతుంది.

ఇక ఉన్న సంఘాల సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలను ఎన్నికలు లేకుండా ఏళ్ల తరబడి నామినేటెడ్ త్రిసభ్య కమిటీలతో నడిపారు. తెలంగాణలో 2020లో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2025 ఫిబ్రవరిలో ముగిశాక పొడిగించారు. చేనేత సంఘాల్లోనూ ఇన్‌చార్జిల పాలనే సాగుతూ వచ్చింది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఇదే తీరు. సభ్యుల జాబితా సరిచేసి, అందులో చనిపోయినవాళ్ల పేర్లు తీసేసి, పంచాయతీ ఆఫీసు దగ్గర అంటించి, నెలరోజులు అభ్యంతరాలు విని, ఎన్నికల తేదీ ప్రకటించడానికి బడ్జెటు కేటాయింపులు అక్కర్లేదు, కొత్త చట్టమూ అక్కర్లేదు. ప్రభుత్వం పూనుకుంటే చాలు.